మొబైల్ హోమ్ పార్కును నిలబెట్టే ప్రభుత్వ గ్రాంటు: తయారీ నుంచి రికార్డు ఆఫీసు దాకా

అమెరికాలో సుమారు 2 కోట్ల మంది మాన్యుఫ్యాక్చర్డ్ ఇళ్ళలో ఉంటున్నారు. ఫ్యాక్టరీలో కట్టి, ట్రక్కు మీద తెచ్చి దింపే ఇళ్ళివి. వాటిలో ఎన్నో పార్కుల్లో ఉన్నాయి. అక్కడ ఇల్లు కుటుంబానిది, నేల పార్కు యజమానిది, నేలకు నెలనెలా లాట్ రెంట్ కట్టాలి. పేరుకే మొబైల్. ఒకసారి దింపాక కదపాలంటే వేల డాలర్లు కావాలి, పాత ఇల్లయితే ప్రయాణానికి తట్టుకోదు. అందుకే పార్కు చేతులు మారి అద్దె పెరిగినా, మురుగు పొంగినా, ఆ కుటుంబం ఎక్కడికీ వెళ్ళలేదు. ఇల్లు వదిలేసి రోడ్డున పడటం ఒక్కటే మిగులుతుంది.

ఈ సమస్యకే పేరుపెట్టి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చిన గ్రాంటు ‘ప్రైస్’. 2023 ఆర్థిక సంవత్సరపు బడ్జెట్ చట్టంలో కాంగ్రెస్ 22.5 కోట్ల డాలర్లు కేటాయించింది. గృహ నిర్మాణ శాఖ, అంటే హడ్, 2024 ఫిబ్రవరి చివర్లో దరఖాస్తుల ప్రకటన ఇచ్చింది. రాష్ట్రాలు, నగరాలు, కౌంటీలు, ఆదివాసీ తెగల ప్రభుత్వాలు, లాభాపేక్ష లేని సంస్థలు, సామాజిక రుణ సంస్థలు, నివాసుల సహకార సంఘాలు అర్హులు. అందులో 2.5 కోట్లు పాత పార్కును తీసేసి అందుబాటు ధర ఇళ్ళు కట్టే పైలట్‌కు. మిగతాది ఉన్న పార్కును బాగుచేసి నిలబెట్టడానికి.

ఇలాంటి గ్రాంటు ప్రతి ఏడూ వస్తుందన్న హామీ లేదు, కాంగ్రెస్ డబ్బు వేసినప్పుడే తలుపు తెరుచుకుంటుంది. తెరుచుకుంటే గడువు నెలల్లో ఉంటుంది. కింద చెప్పే తయారీకి ఏడాది పడుతుంది. కాబట్టి ప్రకటన రాకముందే మొదలుపెట్టండి. ఈ కాగితాలన్నీ సాధారణ సీడీబీజీ గ్రాంటుకూ (నగరాలకూ రాష్ట్రాలకూ హడ్ ఇచ్చే అభివృద్ధి నిధి), రాష్ట్ర నిధులకూ పనికొస్తాయి, శ్రమ వృథా కాదు. అమెరికాలో నగర ప్రణాళిక విభాగాల్లో, ఇంజనీరింగ్ కంపెనీల్లో, స్వచ్ఛంద సంస్థల బోర్డుల్లో ఉన్న తెలుగువాళ్ళు ఈ పనికి నేరుగా చెయ్యి కలపవచ్చు.

1. నేల ఎవరి చేతిలో ఉంటుందో తేల్చండి

పైపులు, రోడ్ల కన్నా ముందు తేలాల్సింది ఇది. ప్రభుత్వ డబ్బుతో మురుగు లైను కొత్తదయ్యాక పార్కు యజమాని అదే సాకుతో అద్దె పెంచినా, ఎక్కువ ధరకు అమ్ముకున్నా, గ్రాంటు లాభం ఆయన జేబులోకి పోతుంది. అందుకే చట్టం రెండు రకాల పార్కుల్నే ఒప్పుకుంది. ఒకటి, నివాసుల సంస్థ సొంతం చేసుకున్నది: నివాసుల్లో కనీసం మూడింట రెండు వంతుల మంది ఆ నేల గల సంస్థలో సభ్య యజమానులై ఉండాలి. రెండోది, వీలైనంత దీర్ఘకాలం పార్కుగానే, తక్కువ ఆదాయం వాళ్ళకు అందే ధరలోనే ఉంచుతామని కట్టుబడినది.

సహకార సంఘం దారి కొత్తదేం కాదు. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం మెరెడిత్‌లో 1984లోనే నివాసులు కలిసి తమ పార్కు కొనుక్కున్నారు. 2008లో ఏర్పడిన ఆర్‌ఓసీ యూఎస్‌ఏ అన్న సంస్థ ఈ పద్ధతిని దేశమంతా వ్యాపింపజేసింది, రుణాలూ సాంకేతిక సాయమూ అందిస్తోంది. కొన్ని రాష్ట్రాల్లో చట్టం కూడా తోడుంది. న్యూ హాంప్‌షైర్‌లో యజమాని పార్కు అమ్మే ముందు నివాసులకు 60 రోజుల నోటీసు ఇవ్వాలి. కొలరాడోలో 2022 సవరణతో నివాసులకు ప్రతిపాదన పెట్టుకోవడానికి 120 రోజులు దొరుకుతాయి. మీ రాష్ట్రంలో ఏముందో ముందు చూడండి. ఆ గడువులో గ్రాంటు మంజూరై చేతికి రావడం అసాధ్యం. ముందు రుణంతో కొని, తర్వాత గ్రాంటుతో మరమ్మతులు చేయించేలా ప్రణాళిక వేసుకోవాలి.

యజమాని ప్రైవేటు వ్యక్తి, అమ్మే ఉద్దేశం లేదు అనుకోండి. అప్పుడు లీజు రక్షణల్ని గ్రాంటుతో ముడిపెట్టండి. ఇళ్ళ రుణాలను బ్యాంకుల నుంచి కొనే పెద్ద సంస్థలు ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్. పార్కు రుణాలకు అవి గుర్తించే ప్రమాణాలు నమూనాగా పనికొస్తాయి: ఏడాది పాటు ఉండి తిరిగి కొనసాగే లీజు, అద్దె పెంపుకు 30 రోజుల లిఖిత నోటీసు, అద్దెకు 5 రోజుల వెసులుబాటు, ఇంటిని కదపకుండా అక్కడే అమ్ముకునే హక్కు, పార్కు అమ్మకానికి లేదా మూసివేతకు 60 రోజుల నోటీసు. వీటికి అద్దె పెంపు మీద ఒక పరిమితి కూడా చేర్చండి. మా అభిప్రాయంలో ఈ పరిమితికి ఒప్పుకోని యజమాని పార్కుకు ప్రభుత్వ డబ్బు తేకూడదు.

2. నేల కింద ఏముందో చూడండి

పార్కుల్లో చాలావాటిని 1950, 60, 70 దశకాల్లో వేశారు. నక్షాలు దొరకవు. అంచనా గాల్లో వేస్తే గ్రాంటు వచ్చాక సగం పనికే డబ్బు అయిపోతుంది. దరఖాస్తుకు ముందే ఈ పరీక్షలు చేయించండి.

మురుగు: ప్రతి లైనులో కెమెరా దింపించండి. మట్టి పైపుల కీళ్ళలో చెట్ల వేర్లు, తారు పట్టించిన గుజ్జుతో చేసిన పాత పైపుల అణగుడు, వాలు తప్పి నీరు నిలిచిన చోట్లు వీడియోలో కనబడతాయి. సెప్టిక్ ట్యాంకులుంటే ట్యాంకుకు ఎన్ని ఇళ్ళు కలిపారో, ఇంకుడు నేల ఎంతుందో రాయించుకోండి. నగర మురుగు లైనుకు కలపగలిగితే అదే మేలు. కనెక్షన్ ఫీజు ముందే అడగండి, అది ఒక్కోసారి తవ్వకపు ఖర్చును మించిపోతుంది.

నీరు: పార్కుకు ఒకే మాస్టర్ మీటరు ఉంటే అర్ధరాత్రి 2 గంటలకు, మళ్ళీ 4 గంటలకు రీడింగ్ తీయండి. ఆ వేళ ఎవరూ పెద్దగా వాడరు కాబట్టి తేడా దాదాపు అంతా లీకే. రెండు గంటల్లో 600 గ్యాలన్లు తిరిగితే రోజుకు 7,200 గ్యాలన్లు నేలలోకి పోతున్నట్టు. ఖర్చు లేని ఈ పరీక్ష దరఖాస్తులో పది పేజీల వర్ణన కన్నా గట్టిగా మాట్లాడుతుంది. ఇంకో మాట: నీటి పైపుకూ మురుగు పైపుకూ మధ్య అడ్డంగా 10 అడుగుల దూరం ఉండాలని చాలా రాష్ట్రాల ప్రమాణం. పార్కుల్లో సందులు ఇరుకు, ఆ దూరం దొరకదు. మినహాయింపుకు ఇంజనీరు చేత ముందే అడిగించండి.

కరెంటు: ప్రతి లాటు దగ్గర నిలబెట్టిన పెడెస్టల్, అంటే ఇంటికి కరెంటు అందించే పెట్టె, ఎన్ని యాంపులదో పట్టిక రాయండి. పాత పార్కుల్లో 50, 60 యాంపులవి ఇప్పటికీ కనిపిస్తాయి. కొత్త ఇంటికి 100 లేదా 200 యాంపులు కావాలి. పాత ఇల్లు తీసి కొత్తది తెచ్చాక పెడెస్టల్ చాలక, దానికి కేబులూ చాలక, కేబులుకు ట్రాన్స్‌ఫార్మరూ చాలక, కుటుంబం నెలల తరబడి హోటల్లో ఉండాల్సి రావడం ఈ పనుల్లో మామూలుగా జరిగే తప్పు. కరెంటు కంపెనీ నుంచి సామర్థ్యం మీద లిఖితపూర్వక జవాబు తీసుకోండి.

వరద: ఫెడరల్ విపత్తు నిర్వహణ సంస్థ ఫెమా వేసిన వరద మ్యాపులో పార్కు ఎక్కడుందో మొదటి రోజే చూడండి. నది నీరు పారే దారి అయిన ఫ్లడ్‌వేలో ఉంటే హడ్ డబ్బు దాదాపు వాడనివ్వరు. వరద మైదానంలో ఉంటే ఎనిమిది మెట్ల సమీక్ష, రెండు బహిరంగ నోటీసులు అదనం.

3. ఇళ్ళ వివరాలు, ఆదాయాల సర్వే

1976 జూన్ 15 ఈ రంగంలో గీత గీసిన తేదీ. ఆ రోజు నుంచి తయారైన ఇళ్ళకు హడ్ భద్రతా ప్రమాణం వర్తిస్తుంది. ప్రతి భాగం వెనుక బయటి గోడ మీద చిన్న ఎర్ర లోహపు రేకు ఉంటుంది. ఇంట్లోపల, ప్యానెల్ దగ్గరో అల్మారాలోనో, డేటా ప్లేటు అన్న కాగితం అంటించి ఉంటుంది. గాలి జోను, మంచు భారం అందులో తెలుస్తాయి. అంతకు ముందువి మొబైల్ హోమ్‌లు. వాటిని మరమ్మతు చేయడం కన్నా మార్చడమే చాలాసార్లు చౌక, ఎందుకంటే సన్నటి గోడలు, అల్యూమినియం వైరింగు, బలహీనమైన చట్రం దేనికదే పని పెంచుతాయి. 1970ల చివరి నుంచి 90ల నడుమ దాకా వచ్చిన ఇళ్ళలో పాలీబ్యుటిలీన్ అన్న బూడిదరంగు నీటి పైపులు ఉంటే విడిగా గుర్తించండి, అవి హఠాత్తుగా పగులుతాయి.

ప్రతి లాటుకు ఒక వరుస: తయారైన ఏడు, వెడల్పు, పొడవు, కప్పు, ఇంటి అడుగున కప్పిన గుడ్డ చిరిగిందా, ఇంటిని నేలకు పట్టి ఉంచే లంగర్లు ఉన్నాయా, మెట్లూ ర్యాంపూ ఎలా ఉన్నాయి. ఈ పట్టికలోంచే బడ్జెట్ పుడుతుంది.

ఆదాయం సంగతి. సీడీబీజీ నిబంధనల ప్రకారం తక్కువ, మధ్యస్థ ఆదాయం అంటే ప్రాంత మధ్యస్థ ఆదాయంలో 80 శాతం లోపు. పైపులు, రోడ్ల వంటి ఉమ్మడి పనికి పార్కులో కనీసం 51 శాతం మంది ఆ లోపు ఉండాలి. విడివిడి ఇళ్ళ మరమ్మతుకు ఆ ఇంటి ఆదాయమే లోపు ఉండాలి. జనాభా లెక్కల గణాంకాలు వాడితే ఇబ్బంది పడతారు: పార్కును పక్కనున్న ఖరీదైన వీధులతో కలిపేసి లెక్కిస్తాయి. ఇంటింటి సర్వే చేయండి. కాగితం ఒకే పేజీ: కుటుంబంలో ఎంతమంది, ఆ సంఖ్యకు హడ్ పరిమితి ఎంత, దాని పైనా కిందా అన్న టిక్కు. అంకె అడిగితే తలుపు మూస్తారు, టిక్కు పెట్టమంటే పెడతారు. పౌరసత్వం ప్రస్తావన సర్వేలో వద్దు. నివాసుల్లోంచే ఇద్దరు ముగ్గురు, వాళ్ళ భాషలో, సాయంత్రాలూ శనివారాలూ వెళ్ళి అడగాలి.

4. టైటిళ్ళు సరిచేయించండి

ఎవరూ పట్టించుకోని, అన్నిటికన్నా ఎక్కువ ఆలస్యం తెచ్చే మెట్టు. పార్కులో ఇల్లు చాలా రాష్ట్రాల్లో కారులాగే చరాస్తి. దానికి భూమి దస్తావేజు ఉండదు, టైటిల్ ఉంటుంది. చేతిరాత రసీదు మీద కొన్నవాళ్ళు, చనిపోయిన తల్లి పేరు మీదే ఉన్న ఇంట్లో ఉంటున్నవాళ్ళు, పాత పన్ను బాకీ తీరనివాళ్ళు ప్రతి పార్కులోనూ ఉంటారు. తన పేరు మీద లేని ఇంటికి ఏ కార్యక్రమమూ డబ్బు ఇవ్వదు. న్యాయ సహాయ సంస్థను పిలిపించి పార్కులోనే ఒక శనివారం శిబిరం పెట్టించండి. వారసత్వపు కేసులకు ఆరు నెలలు పడుతుందనుకుని మొదలుపెట్టండి.

5. లెక్క కట్టండి: గ్రాంటు ఎంత, రుణం ఎంత

60 లాట్ల పార్కు అనుకుందాం. 10 లక్షల డాలర్ల పనిని 6 శాతం వడ్డీకి, 30 ఏళ్ళ రుణంతో చేస్తే నెలకు 5,996 డాలర్ల వాయిదా. 60 మంది మీద పంచితే తలా 100 డాలర్లు. కొన్ని లాట్లు ఖాళీగా ఉండి 57 మందే కడితే 105. అంటే గ్రాంటుగా వచ్చే ప్రతి 10 లక్షలూ ప్రతి కుటుంబానికీ నెలకు 100 డాలర్ల అద్దె పెంపును తప్పిస్తాయి. దరఖాస్తులోనూ, నివాసుల సమావేశంలోనూ ఈ ఒక్క లెక్క చెప్పండి. గ్రాంటు ఎందుకు కావాలన్న ప్రశ్నకు ఇంతకన్నా స్పష్టమైన జవాబు ఉండదు.

బడ్జెట్‌లో మరిచిపోయేవి: ఆస్‌బెస్టాస్ పరీక్ష, 1978కి ముందు ఇళ్ళలో సీసపు రంగు పరీక్ష, పాత ఇంటి కూల్చివేత, చెత్తకుప్ప రుసుము, పని జరిగేటప్పుడు కుటుంబాలకు తాత్కాలిక బస, ఇంజనీరు ఫీజు, ఊహించని తవ్వకానికి కనీసం 15 శాతం. 2024 అక్టోబర్ 1 నుంచి సంస్థ పరోక్ష ఖర్చులకు (ఆఫీసు, పరిపాలన వంటివి) ప్రభుత్వంతో రేటు ఒప్పందం లేకపోయినా 15 శాతం దాకా అడిగే వీలుంది, అంతకు ముందు 10 శాతమే ఉండేది.

పాత ఇంటి స్థానంలో కొత్తది పెట్టేటప్పుడు కొలత చూసుకోండి. 10, 12 అడుగుల వెడల్పు ఇళ్ళకు గీసిన లాట్లలో నేటి 14, 16 అడుగుల ఇల్లు పట్టినా పక్క ఇంటికి అగ్నిమాపక దూరం మిగలదు. పైగా చాలా పార్కులు నేటి జోనింగ్ (ఏ నేలలో ఏం కట్టవచ్చో చెప్పే నగర నియమాలు) రాకముందువి, పాత హక్కు మీద నడుస్తున్నాయి. కొన్ని ఊళ్ళలో ఇల్లు మార్చితే ఆ లాటు హక్కు పోతుంది. నగరం నుంచి లిఖిత హామీ లేకుండా ఒక్క ఇంటినీ కదపొద్దు.

6. మిగతా నిధుల్ని కలపండి

ప్రైస్ ముఖ్య భాగానికి సొంత వాటా తప్పనిసరి కాదు, కానీ తెచ్చుకున్న ఇతర నిధులకు మార్కులుంటాయి. పైలట్‌కు మాత్రం 50 శాతం వాటా కావాలి. అందులో తొలగించిన ఒక్కో ఇంటికి నాలుగు దాకా కొత్త ఇళ్ళు కట్టవచ్చు, పాత నివాసులకు ముందు ప్రవేశపు హక్కు, తరలింపు సాయం ఇవ్వాలి. ఈ దారిని పార్కును ఏ విధంగానూ నిలబెట్టలేనప్పుడే ఎంచుకోవాలి.

నగరం హడ్ నుంచి ఏటా పొందే సీడీబీజీ నిధులు పైపులకు, ‘హోమ్’ అన్న గృహ నిధులు ఇళ్ళకు. ఇంట్లో కరెంటు, గ్యాసు వృథా తగ్గించే ఇంధన శాఖ వెదరైజేషన్ కార్యక్రమం మాన్యుఫ్యాక్చర్డ్ ఇళ్ళకూ వర్తిస్తుంది, పేదరిక రేఖకు 200 శాతం లోపు ఆదాయం ఉండాలి. గ్రామీణ ప్రాంతంలో వ్యవసాయ శాఖ సెక్షన్ 504 కింద 1 శాతం వడ్డీకి 40,000 డాలర్ల దాకా రుణం, 62 ఏళ్ళు నిండి, రుణం తీర్చలేని వాళ్ళకు 10,000 దాకా గ్రాంటు ఇస్తుంది. అద్దె నేల మీది ఇళ్ళకు షరతులుంటాయి, స్థానిక కార్యాలయంలో ముందే అడగండి. 10,000 జనాభా లోపు ఊళ్ళకు అదే శాఖ నీరు, మురుగు నిధులు ఉన్నాయి. రాష్ట్రాల రివాల్వింగ్ ఫండ్లు కూడా మురుగుకు తక్కువ వడ్డీ రుణం ఇస్తాయి. ఇస్తామన్నవాళ్ళ దగ్గర సంఖ్య, తేదీ, సంతకం ఉన్న లేఖ తీసుకోండి. ‘మద్దతు ఇస్తున్నాం’ అనే లేఖకు విలువ లేదు.

7. దరఖాస్తు

ఫెడరల్ డబ్బు తీసుకునేవాళ్ళు నమోదయ్యే వెబ్‌సైటు శామ్ డాట్ గవ్‌లో సంస్థ నమోదై 12 అక్షరాల గుర్తింపు సంఖ్య రావాలి. దీనికి వారాలు పట్టవచ్చు. ఆదాయపన్ను శాఖ రికార్డులో ఉన్న పేరుకూ ఇక్కడి పేరుకూ ఒక్క కామా తేడా ఉన్నా ఆగిపోతుంది. ఏటా పునరుద్ధరించకపోతే నమోదు చెల్లదు. దరఖాస్తు పంపే వెబ్‌సైటు గ్రాంట్స్ డాట్ గవ్‌లో సంతకం చేసే అధికారం ఎవరికి ఇచ్చారో కూడా ముందే చూసుకోండి.

ప్రైస్ ప్రకటనలో ముసాయిదా దరఖాస్తును కనీసం 15 రోజులు ప్రజల ముందు ఉంచాలనీ, ఒక బహిరంగ విచారణ జరపాలనీ ఉంది. గడువు నుంచి వెనక్కి లెక్కేస్తే ముసాయిదా కనీసం నెల ముందే సిద్ధం కావాలి. విచారణను పార్కులోనే, పని వేళ దాటాక, అనువాదకుడితో పెట్టండి. వచ్చిన ప్రతి వ్యాఖ్యకూ జవాబు రాసి జతచేయండి.

దరఖాస్తులో రాసే వివరణలో ప్రకటన అడిగిన ప్రశ్నల వరుసనూ, వాటి పదాలనూ అలాగే పాటించండి. మార్కులు వేసేవారు మీ పార్కును చూడరు, పేజీని చూస్తారు. కెమెరా చిత్రం, అర్ధరాత్రి మీటరు రీడింగ్, 100 డాలర్ల లెక్క అక్కడ ఉండాలి. గడువుకు రెండు రోజుల ముందు పంపండి.

8. దరఖాస్తుకూ డబ్బుకూ మధ్య: చేయకూడనివి

గ్రాంట్లు పోయేది ఎక్కువగా ఇక్కడే. ఫెడరల్ డబ్బు అడిగాక, పర్యావరణ సమీక్ష పూర్తయి నిధుల విడుదల అనుమతి వచ్చేదాకా నేల కొనకూడదు, కూల్చకూడదు, తవ్వకూడదు, పని కాంట్రాక్టు మీద సంతకం పెట్టకూడదు. సొంత డబ్బుతో చేసినా తప్పే. ‘ఎలాగూ మన డబ్బే కదా’ అని ఒక పాత ఇల్లు కూల్చేస్తే మొత్తం ప్రాజెక్టు అనర్హం కావచ్చు. నేల చేజారుతుందన్న భయం ఉంటే ఆప్షన్ ఒప్పందం చేసుకోవచ్చు: సమీక్ష ఫలితాన్ని బట్టే కొంటామన్న షరతు ఉండాలి, ఆప్షన్‌కు ఇచ్చే మొత్తం ధరలో నామమాత్రం అయి ఉండాలి.

ఈ సమీక్షను లాభాపేక్ష లేని సంస్థ తానే ఆమోదించుకోలేదు. నగరమో కౌంటీయో రాష్ట్రమో బాధ్యత తీసుకోవాలి, లేదా హడ్ స్వయంగా చేయాలి. ఎవరు చేస్తారో దరఖాస్తుకు ముందే రాయించుకోండి. బహిరంగ నోటీసు గడువు, ఆ పైన అభ్యంతరాలకు 15 రోజులు కలిపి, వరద చిక్కులు లేకపోయినా నెలలు అనుకోవాలి.

తరలింపు చట్టం కూడా ఇప్పుడే మొదలవుతుంది. ప్రతి కుటుంబానికీ, అద్దెకున్నవాళ్ళతో సహా, ‘ఇప్పుడు ఇల్లు ఖాళీ చేయొద్దు’ అని చెప్పే సమాచార నోటీసు రసీదుతో ఇవ్వండి. ఇవ్వకపోతే భయపడి ముందే వెళ్ళిపోయినవాళ్ళ పరిహారం మీ మీద పడుతుంది. శాశ్వతంగా కదలాల్సిన వాళ్ళకు కనీసం 90 రోజుల గడువు, అద్దె తేడాకు 42 నెలల లెక్కన సాయం ఇవ్వాలి.

9. పని జరిపించడం

8 లేదా అంతకు మించి యూనిట్లున్న ఆస్తి మరమ్మతుకు డేవిస్-బేకన్ వేతనాలు, అంటే ఫెడరల్ ప్రభుత్వం ఆ ప్రాంతానికి నిర్ణయించిన కనీస కూలి రేట్లు, వర్తిస్తాయి. టెండరులోనే ఆ వేతన పట్టిక జతచేయండి. తర్వాత చేర్చితే కాంట్రాక్టరు తేడా మొత్తం అడుగుతాడు. ఇనుము, ఉక్కు, పైపులు అమెరికా తయారీవే ఉండాలన్న నిబంధన ఉంది. సరుకు కొనకముందే సరఫరాదారు ధ్రువపత్రం తీసుకోండి.

వరుస: మురుగు అన్నిటికన్నా లోతు కాబట్టి ముందు అది, తర్వాత నీరు, తర్వాత కరెంటు, చివర రోడ్డు. కంటికి కనిపిస్తుందని రోడ్డు ముందు వేసి మళ్ళీ తవ్వినచోట డబ్బు రెండుసార్లు పోతుంది. నీరు ఆపే ముందు 48 గంటల నోటీసు ఇవ్వండి, వీల్‌చెయిర్, ఆక్సిజన్ మీదున్న వాళ్ళ జాబితా కాంట్రాక్టరు దగ్గర ఉండాలి.

సహకార సంఘం బోర్డు సభ్యుడి ఇల్లు కూడా మరమ్మతు జాబితాలో ఉంటే ప్రయోజనాల ఘర్షణ కింద ముందు వెల్లడించి మినహాయింపు తీసుకోవాలి. ఏడాదిలో 10 లక్షల డాలర్లు దాటి ఫెడరల్ డబ్బు ఖర్చయితే సింగిల్ ఆడిట్ (ఫెడరల్ డబ్బు వాడకంతో సహా సంస్థ మొత్తం లెక్కల తనిఖీ) తప్పదు, ఆడిటర్ ఫీజు కూడా బడ్జెట్‌లో పెట్టుకోండి.

10. హామీని రికార్డు చేయించడం

పార్కు అందుబాటు ధరలోనే ఉంటుందన్న ఒడంబడికను కౌంటీ రికార్డు ఆఫీసులో నమోదు చేయించాలి. అక్కడ క్రమం ముఖ్యం. బ్యాంకు తనఖా ముందు నమోదై ఒడంబడిక తర్వాత చేరితే, రుణం కట్టలేక పార్కు వేలానికి వచ్చిన రోజు ఆ ఒడంబడిక చెల్లకుండా పోతుంది. కొత్త యజమాని ఏ షరతూ లేకుండా పార్కు తీసుకుంటాడు. ఒడంబడికను తనఖా కన్నా ముందు నమోదు చేయించండి, లేదా దాన్ని గౌరవిస్తానని బ్యాంకు సంతకం చేసిన ఒప్పందం పక్కనే నమోదు చేయించండి. బ్యాంకు మొదట కాదంటుంది. కొనుగోలు ముగిసే రోజుకు వారం ముందు అడిగితే కాదనే ఉంటుంది, రుణ షరతుల కాగితం మీదే రాయించుకుంటే ఒప్పుకుంటుంది.